చలిలో సాగర్ వెనక నీళ్లు: పొద్దంతా పడవలో కూర్చుంటే రెండే చేపలు. తప్పెక్కడ జరిగింది?

గాలంకర్ర
జనవరి 18, రాత్రి 9.40

పండక్కి ఊరికి పోయినప్పుడు నేను, మా దోస్తు కలిసి నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌లో గాలం వేద్దామని పోయాం. చిన్నప్పుడు చెరువు కట్ట మీద కూర్చుని నీళ్ల మీద తేలే బెండు వైపు చూడటమే తప్ప, పడవలో పోయి పట్టింది లేదు. అందుకే ఇద్దరికీ మస్తు హుషారు.

హైదరాబాద్ నుంచి మాల్, మల్లేపల్లి, దేవరకొండ మీదుగా ముందురోజు రాత్రే చేరుకుని నేరేడుగొమ్ము దగ్గర చుట్టాలింట్లో పడుకున్నాం. దోస్తు వాళ్ల మేనమామకు తెలిసిన పెద్దాయన దగ్గర ఫైబర్ పడవ ఉంది. వెనక చిన్న ఇంజన్. పడవ ఇచ్చేటప్పుడు ఆయన ఒక్కటే చెప్పాడు: "ఎండ పడ్డాక పోండి బిడ్డా, మంచులో పోవద్దు." మేమేమో గాలం అంటే తెల్లవారుజామే అనుకుని ఐదున్నరకే ఒడ్డుకు దిగాం.

ఇంజన్ స్టార్ట్ కాదు. చోక్ లాగి, తాడు లాగి, మళ్లీ లాగి, నేను పది దాకా లెక్కపెట్టి వదిలేశా. పెట్రోల్ వాసన గుప్పుమంది. ప్లగ్గు విప్పితే తడిసి ముద్దయి ఉంది. దోస్తు దాన్ని లుంగీ అంచుతో తుడిచి, నోటితో ఊది, సెల్‌ఫోన్ లైటులో చూసి మళ్లీ బిగించాడు. ఈసారి రెండో లాగుకే అందుకుంది.

మంచు ఎంతంటే, పడవ ముందు కూర్చున్న దోస్తు మంకీ క్యాప్ కనిపిస్తోంది, దాని అవతల ఏమీ లేదు. నీళ్ల మీద నుంచి ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు పొగ లేస్తోంది. విచిత్రం ఏంటంటే చెయ్యి నీళ్లలో పెడితే వెచ్చగా ఉంది. బయటికి తీస్తే కొరుకుతోంది.

పావుగంట పోయామో లేదో ఇంజన్ ఒక్క గుటక వేసి ఆగిపోయింది. వెనక్కి ఎత్తి చూస్తే ఫ్యానుకు నైలాన్ వల చుట్టుకుంది. విప్పుదామని చూశాం, వేళ్లు పనిచేయలేదు. కత్తితో కోసి వదిలించుకున్నాం. ఓ అరగంట దానికే పోయింది.

తర్వాత లోతు బాగా ఉన్న చోట గాలాలు వేసి కూర్చున్నాం. ఎర: గోధుమపిండి, పల్లిచెక్క, కొంచెం సోంపు పొడి కలిపిన ముద్ద. ఏడు, ఎనిమిది, తొమ్మిది. బెండు కదల్లేదు. తొమ్మిదిన్నరకు అరచేతి పొడుగు జెల్ల ఒకటి. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఒడ్డుకు వస్తూ ఊరికే వేస్తే కిలోన్నర బంగారుతీగ. అంతే.

నా ప్రశ్న: చలికాలంలో చేప తినదా? ఎర తప్పా? చోటు తప్పా?

బొచ్చెతల
జనవరి 18, రాత్రి 9.52

మంకీ క్యాప్ చూసి చేపలు పారిపోయినట్టున్నాయి అన్నా.

పానగల్లు కట్ట
జనవరి 18, రాత్రి 10.15

మాది నల్లగొండ. నాకు పడవ పిచ్చి లేదు కానీ చలికాలం గాలం పిచ్చి ఉంది. పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట మీద పదిహేనేళ్ల నుంచి కూర్చుంటున్నా. సాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణ నీళ్లే మాకూ వస్తాయి కాబట్టి మీ చేపకు, మా చేపకు చుట్టరికం ఉన్నట్టే.

డిసెంబరు, జనవరి నెలల్లో నేను ఇల్లు కదిలేదే పది గంటలకు. ముందు ఇడ్లీ, తర్వాత ఛాయా సోమేశ్వరుడి గుడి దగ్గర ఒక చక్కర్, ఆ తర్వాతే గాలం. పదకొండు నుంచి మూడు దాకా తింటే తిన్నట్టు. నాలుగు దాటి ఎండ పసుపు రంగుకు తిరిగిందంటే సామాను సర్దేస్తా. ఎండాకాలంలో దీనికి పూర్తిగా ఉల్టా.

ఎర కూడా చిన్నది చేయాలి తమ్మీ. వానాకాలంలో నిమ్మకాయంత ముద్ద పెడితే మింగే చేప, చలిలో రేగుపండంత పెట్టినా వాసన చూసి పోతుంది. ఎర్రలు (వానపాములు) దొరికితే పిండి కంటే అవే నయం. మొత్తం ఎర్ర వద్దు, సగం తుంచి పెట్టు.

పాలమూరు పుట్టి
జనవరి 18, రాత్రి 10.41

చేపల సంగతి తర్వాత. లైఫ్ జాకెట్లు వేసుకున్నారా లేదా? పోస్టు అంతా రెండుసార్లు చదివా, ఎక్కడా ఆ మాట లేదు.

మాది జూరాల దగ్గర. మా నాన్న పుట్టిలో తిరిగినవాడు. వెదురు బద్దల పుట్టి, కింద తారు పూసిన పట్టా. దాంట్లో ఇద్దరు ఒకే పక్కకు వంగితే ఏమవుతుందో చిన్నప్పుడే చూశా. ఫైబర్ పడవ అయినా ఇద్దరూ వెనక్కి చేరి ఇంజన్ మీద వంగి వల కోశారంటే, మీరు బతికి పోస్టు పెట్టడమే గొప్ప.

చలిలో ఇంకో తిప్పలుంది. రెండు స్వెట్టర్లు, దాని మీద జాకెట్, కాళ్లకు బూట్లు. నీళ్లలో పడితే అవన్నీ తడిసి కాళ్లు చేతులు ఆడనివ్వవు. వేళ్లు మొద్దుబారి ఉంటాయి కాబట్టి జిప్పు కూడా ఊడదు. లైఫ్ జాకెట్ స్వెట్టర్ మీద వేసుకోవాలి, బెల్టులు బిగించుకోవాలి. కొందరు అది కనిపించకుండా పైన షాల్ కప్పుతారు, దాంతో ఏం లాభం. కాళ్లకు విదిలిస్తే ఊడిపోయే చెప్పులు చాలు. పొడి బట్టలు, తువ్వాలు ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పెట్టుకోండి.

గాలంకర్ర
జనవరి 18, రాత్రి 10.58

పడవలో రెండు జాకెట్లు ఉండె అన్నా. వేసుకోలేదు. వాటి మీదే కూర్చున్నాం, కింద చల్లగా ఉందని.

బొచ్చెతల
జనవరి 18, రాత్రి 11.03

నిజాయితీకి ఒక దండం.

నీటిలెక్క
జనవరి 19, ఉదయం 6.20

నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైర్ అయ్యాను. గాలం పట్టడం రాదు కానీ మీ ప్రశ్నలో రెండు మంచి సంగతులున్నాయి.

మొదటిది, నీళ్లు వెచ్చగా తగలడం. అది భ్రమ కాదు. గాలి త్వరగా చల్లబడుతుంది, త్వరగా వేడెక్కుతుంది. అంత పెద్ద రిజర్వాయర్ నీరు అలా కాదు, దసరా నాటి వేడి ఇంకా కొంత దాని కడుపులోనే ఉంటుంది. తెల్లవారుజామున గాలి చల్లగా, నీరు దానికంటే వెచ్చగా ఉంటే, నీటి నుంచి లేచే ఆవిరి చల్లగాలి తగలగానే సన్నటి చుక్కలవుతుంది. మీరు చూసిన పొగ అదే. అందుకే అది నీళ్ల మీదే కమ్ముకుని, ఒడ్డెక్కితే పలచబడుతుంది.

మరి వెచ్చగా ఉంటే చేప ఎందుకు తినలేదు? మన చేతికి వెచ్చన వేరు, చేపకు వెచ్చన వేరు. మన ఒంటి వేడి ఎప్పుడూ 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. చేపకు సొంత వేడి లేదు, నీళ్లు ఎంత ఉంటే దాని ఒళ్లూ అంతే. బొచ్చె, రవ్వ, మోసు లాంటి మన చేపలకు ఆకలి, అరుగుదల, పెరుగుదల బాగుండేది సుమారుగా 25 నుంచి 30 డిగ్రీల మధ్య. అంతకంటే కిందికి పోయేకొద్దీ అరుగుదల మందగిస్తుంది. పొద్దున తిన్నది సాయంత్రానికి కూడా అరగకపోతే మళ్లీ ఎందుకు తింటుంది? చల్లటి నీళ్లలో ప్రాణవాయువు ఎక్కువే కరుగుతుంది కాబట్టి దానికి ఊపిరికి ఇబ్బంది లేదు. చేప బాగానే ఉంటుంది, బద్ధకంగా ఉంటుంది, అంతే.

రెండోది చోటు. రాత్రి పై నీరు చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది. పొద్దెక్కాక ముందుగా వేడెక్కేది తక్కువ లోతున్న అంచులు, ఎండ తిన్నగా పడే మూలలు. చేప అక్కడికి చేరుతుంది. మీకు బంగారుతీగ ఒడ్డుకు వస్తుంటే పడింది కదా, అదృష్టం అనుకున్నారు. కాదు. మీరు సరైన చోటికి, సరైన వేళకు పొరపాటున వచ్చారు.

ఇంకొక్క మాట. బొచ్చె పై నీళ్లలో, రవ్వ నడిమి నీళ్లలో, మోసు, బంగారుతీగ అడుగున మేస్తాయి. బెండు ఏ లోతుకు కట్టారో రాయలేదు మీరు.

గాలంకర్ర
జనవరి 19, ఉదయం 8.05

సార్, పాఠం చెప్పినందుకు చాలా థాంక్స్. బెండు ఒకే లోతుకు కట్టి పొద్దంతా అట్లే ఉంచాం. సుమారు ఆరడుగులు. కింద నీళ్లు ఎంతున్నాయో మాకు తెలియదు.

కొర్రమట్ట ప్రేమికుడు
జనవరి 19, ఉదయం 9.30

చలిలో కొర్రమట్ట కోసం చూసేవాళ్లు నడి నీళ్లకు పోవద్దు. అది గాలి పీల్చే చేప, అప్పుడప్పుడు పైకి వచ్చి గుటక వేసి పోవాల్సిందే. ఒడ్డు పక్క గడ్డి, తూటి పొదలు ఉన్న చోట చూడండి. ఎండ పడ్డ గంటకు బుడగ కనిపిస్తుంది. మన తెలంగాణ రాష్ట్ర చేప అది, గౌరవంగా పట్టండి. చిన్నది పడితే వదిలేయండి.

వలబిడ్డ
జనవరి 19, మధ్యాహ్నం 1.10

అన్నలందరూ చలి, ఎర, లోతు మాట్లాడుతున్నారు. నేను ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయా. "కత్తితో కోసి వదిలించుకున్నాం."

మాది ఆ బ్యాక్‌వాటర్ ఒడ్డే. డ్యాం కట్టే రోజుల్లో విశాఖ వైపు నుంచి పనికి వచ్చి ఇక్కడే వల పట్టుకుని ఉండిపోయిన కుటుంబాల్లో మాదొకటి. సాగర్‌కు పునాది వేసింది 1955 డిసెంబరులో. మా తాత ఆ తర్వాత కొన్నేళ్లకు వచ్చాడు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా, మా అమ్మానాన్న ఇప్పటికీ నీళ్ల మీదే.

మీకు తగిలింది ఎవరో పారేసిన వల కాదు. సాయంత్రం కట్టి, రాత్రంతా వదిలి, పొద్దున మంచు విరిగాక పోయి తీసుకునే వల. రెండు చివరలా ఖాళీ సీసాలో, థర్మాకోల్ ముక్కలో కడతాం. మంచులో అవి కనబడవు. అందుకే ఆ పెద్దాయన ఎండ పడ్డాక పొమ్మన్నాడు. మీ చలి గురించి కాదు ఆయన చెప్పింది.

వల కోస్తే రంధ్రం ఒక్కటే కాదు పోయేది. పై తాడు తెగితే సీసం గుళ్లు ఉన్న కింది అంచు వలను లోపలికి లాక్కుపోతుంది. నీళ్ల కింద సర్కారు తుమ్మ మోడులు ఎన్ని ఉంటాయో మీకు తెలియదు. వాటికి చిక్కితే మళ్లీ రాదు. రాకపోగా అక్కడే చేపలు పట్టి చంపుతూ ఉంటుంది, తినేవాడు లేకుండా.

తిట్టడానికి రాయలేదు. అడగడానికి రాస్తున్నా. ఆ వలకు కట్టిన సీసా చూశారా? దానికి ఏ రంగు గుడ్డ ఉంది?

గాలంకర్ర
జనవరి 19, మధ్యాహ్నం 1.45

అక్కా, నిజంగా తెలియక జరిగింది. కానీ ఒక మాట. చీకట్లో, చలిలో, ఇంజన్ ఆగిపోయిన పడవలో ఉన్నవాడికి వేరే దారి ఏముంది? వల దారికి అడ్డంగా ఉంటే మాదొక్కళ్లదే తప్పా?

పాలమూరు పుట్టి
జనవరి 19, మధ్యాహ్నం 2.00

దారి అంటున్నావ్, అది సాగర్ హైవేనా తమ్మీ? నీళ్లలో ముందు వలవాడికి హక్కు. లైసెన్సు తీసుకుని, మత్స్యకారుల సంఘంలో సభ్యుడై, ఆ చేప మీదే బతికేవాడు. మనం సరదాకు పోయినవాళ్లం. చేపపిల్లలు వదిలేది కూడా వాళ్ల బతుకు కోసమే, మన ఫోటోల కోసం కాదు. గాలం వేయాలన్నా సంఘం వాళ్లను ఒక మాట అడిగి వేయడం మర్యాద.

ఫ్యానుకు వల చుట్టుకుంటే చేసేది ఇది: ఇంజన్ ఆపెయ్యి, పైకి ఎత్తు, ఫ్యాను చేత్తో వెనక్కి తిప్పు. చుట్టుకున్న దిక్కుకు ఉల్టాగా తిప్పితే చాలాసార్లు అదే వదులవుతుంది. ఒకడు మాత్రమే వెనక ఉండాలి, రెండోవాడు ముందు కూర్చుని బరువు సరిచూడాలి. కోయక తప్పకపోతే వల కన్ను కోయి, అంచు తాడు కోయకు. రెండు చివరలూ మళ్లీ ముడేసి వదులు.

దోస్తు నంబర్ వన్
జనవరి 19, రాత్రి 8.30

నమస్తే. ఆ మంకీ క్యాప్ నాదే. ఈ చర్చ కోసమే అకౌంటు తెరిచా.

గాలంకర్ర రాసింది అబద్ధం కాదు. కొంచెం కట్ చేసి రాశాడు, వలను కోసినట్టే.

వల కోసేటప్పుడు ఇద్దరం వెనక్కి చేరిన మాట నిజం. నీళ్లు పడవ వెనక అంచు మీద నుంచి లోపలికి వచ్చాయి. నా సంచి, అందులో మా అమ్మ కట్టిచ్చిన సకినాల డబ్బా, పొడి చొక్కా అన్నీ తేలి ఒక్క అల దూరంలో ఆగాయి. నేను చెయ్యి భుజం దాకా ముంచి సంచి లాగా. సకినాలు పోయాయి. తర్వాత మూడు గంటలు ఒక చేయి తడి స్వెట్టర్‌లో వణుకుతూ కూర్చున్నా. గాలం పట్టుకున్న చేయి అదే కాబట్టి నా బెండు మాత్రం పొద్దంతా కదులుతూనే ఉంది.

ఇక అసలు సంగతి. గాలానికి రెండు చేపలే పడ్డాయి, కరెక్టే. కానీ కోసిన వల ముక్కలో ఒక బొచ్చె ఉంది. మూడు కిలోల దాకా ఉంటుంది. అది ఇంకా కొట్టుకుంటోంది. గాలంకర్ర నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశా. మధ్యాహ్నం చుట్టాలింట్లో పులుసు పెట్టిన చేప అదే. బంగారుతీగ ఫ్రై అయింది.

ఇది ఇక్కడ రాయొద్దని నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. కానీ వలబిడ్డ అక్క పోస్టు చదివాక నాకు రాత్రి అన్నం సయించలేదు. అక్కా, సీసాకు ఎర్ర గుడ్డ ఉంది. మామూలు గుడ్డ కాదు, చీర అంచు. జరీ ఉంది. ఆ సీసా ఊడి పడవలోనే ఉండిపోయింది, ఇప్పుడు నా బండి డిక్కీలో ఉంది.

బొచ్చెతల
జనవరి 19, రాత్రి 8.41

నా పేరు మీద జోకు వేద్దామని వచ్చా. వద్దులే.

వలబిడ్డ
జనవరి 19, రాత్రి 9.15

వలా కోసి, చేపా తిన్నారు.

సరే. సీసా పారేయొద్దు. ఎవరి గుర్తు వాళ్లకుంటుంది మా దగ్గర. ఒకరు నీలం సంచి, ఒకరు చెప్పు ముక్క. జరీ అంచు ఎవరిదో నాకు అనుమానం ఉంది కానీ ఇక్కడ పేరు రాయను. పడవ ఇచ్చిన పెద్దాయన దగ్గరికి పొండి. సీసా ముందే చూపించకండి, ముందు సంగతి చెప్పండి.

నిర్వాహకుడు
జనవరి 19, రాత్రి 10.00

చర్చ బాగుంది, మర్యాద దాటకుండా సాగినందుకు అందరికీ థాంక్స్. ఆ బ్యాక్‌వాటర్‌కు తెలంగాణ వైపు ఉన్న అడవి చాలావరకు అమ్రాబాద్ పులుల అభయారణ్యం కిందికి వస్తుంది. ఈ చర్చ చూసి పోవాలనుకునేవాళ్లు అడవి ఒడ్డున దిగడం, మంట పెట్టడం, రాత్రి మకాం లాంటివి చేయొద్దు. కృష్ణలో మొసళ్లు ఉన్నాయి. చేపలు కడిగేటప్పుడు మోకాలి లోతుకు దిగి కూర్చోకండి.

గాలంకర్ర
జనవరి 20, ఉదయం 7.10

రాత్రంతా ఆలోచించా. ఇంతకుముందు పెట్టిన పోస్టులో "మాదొక్కళ్లదే తప్పా" అని రాసినందుకు సిగ్గుగా ఉంది. తీసేద్దామనుకున్నా, కానీ ఉంచుతున్నా. 26న సెలవు ఉంది. పోతున్నాం.

పానగల్లు కట్ట
జనవరి 20, ఉదయం 7.45

పో తమ్మీ. పోయేటప్పుడు సకినాలు కూడా పట్టుకుపో, దోస్తుకు బాకీ ఉన్నావ్.

గాలంకర్ర
జనవరి 27, రాత్రి 9.20

పోయొచ్చాం. కొంచెం పెద్దగానే రాస్తా.

ఈసారి తొమ్మిదింటికి చేరుకున్నాం. మంచు అప్పుడే చీలుతోంది. నీళ్ల అంచు, దాని వెనక గుట్టలు ఒక్కొక్కటి బయటపడుతున్నాయి. ఆ వెలుతురులో చూస్తే మొన్న మేము పోయిన దారిలో కనీసం పది చోట్ల సీసాలు తేలుతున్నాయి. మేము ఒక్కదానికే తగలడం వింత.

పెద్దాయనకు సంగతి చెప్పాం. ఏమీ అనలేదు. బీడీ ముట్టించుకుని, "పిన్ను తెగిందా?" అని ఇంజన్ గురించి అడిగాడు. తెగలేదని చెప్తే తల ఊపి, ఒడ్డున వలలు దులుపుతున్నవాళ్లను కేక వేసి పిలిచాడు. వల తెగింది ఎవరిది, ఈ పిల్లలు డబ్బులు ఇస్తారంట అన్నాడు. ముగ్గురు వచ్చారు. ముగ్గురిదీ తెగిందట. ముగ్గురిదీ పండుగ తెల్లారే తెగిందట.

అప్పుడు దోస్తు డిక్కీ తెరిచి సీసా తీశాడు. ముగ్గురూ జరీ అంచు చూసి నవ్వేసి వెళ్లిపోయారు. ఒకాయన పోతూ పోతూ, "అది పెద్దమ్మది, మీ పని అయిపోయింది" అన్నాడు.

పెద్దమ్మకు అరవై దాటి ఉంటాయి. చెట్టు కింద కాళ్లు చాపుకుని, కాలి బొటనవేలికి వల కన్ను తగిలించి, దారం చుట్టిన వెదురు పుల్లతో అల్లుతోంది. మేము కోసిన వలే అది. తాడు తెగినా ఒక కొస మోడుకు చిక్కి ఆగిందట, కొడుకు పోయి సగం వెతికి తెచ్చాడట. మిగతా సగం నీళ్లలోనే.

సీసా ముందు పెట్టాం. తీసుకుని, గుడ్డ ముడి గట్టిగా ఉందో లేదో చూసి, పక్కన పెట్టింది. నేను క్షమించమని మొదలుపెట్టేలోపే అడిగింది, "చేప ఎన్ని కిలోలు?"

నేను రెండున్నర అన్నా. దోస్తు అదే క్షణంలో మూడు అన్నాడు. పెద్దమ్మ మూడే పట్టుకుంది.

వలకు రెండు వేలు, చేపకు ఆ రోజు ఒడ్డు మీద పలికిన ధర లెక్కన. నేను ఇంకో ఐదు వందలు ఎక్కువ ఇవ్వబోతే చెయ్యి తోసేసింది. డబ్బుల మీద ఆమెకు కోపం లేదు. కోపమంతా కోసిన తీరు మీదే. తెగిన అంచు నా ముఖం ముందు పెట్టి, "ఇట్ల గొర్రె మేసినట్టు కోస్తరా? తిన్నగా కోస్తే గంటలో అతికేది" అని తిట్టింది. దోస్తును కూర్చోబెట్టి వల పట్టుకోమంది. వాడు అరగంట రెండు చేతులూ చాపి దారం కండె లాగా కూర్చున్నాడు. నేను ఒక కన్ను అల్లి చూశా. ఆమె చూసి, విప్పేసి, మళ్లీ అల్లింది.

ఆ తర్వాత పెద్దాయన మా పడవలోకి ఎక్కాడు. జాకెట్లు ఆయనే తొడిగాడు. పదకొండుకు బయల్దేరి, నడి నీళ్లకు పోలేదు. దిండి వాగు నీళ్లు వచ్చే వైపు ఒక మూలకు తీసుకుపోయి ఇంజన్ ఆపి, తెడ్డుతో లోతు చూశాడు. తెడ్డు పొడుగు కంటే ఓ మూర ఎక్కువ. ఎండ తిన్నగా పడుతోంది, గాలికి అడ్డంగా గుట్ట ఉంది. బెండు పైకి జరిపి, ఎర అడుగుకు ఒక బెత్తెడు పైన ఉండేటట్టు కట్టించాడు. ఎర్రలు, అవి కూడా సగం సగం. (పానగల్లు కట్ట అన్నకు దండం.)

పన్నెండింటి నుంచి రెండింటి లోపు ఐదు పడ్డాయి. మూడు మోసులు, ఒక బంగారుతీగ, ఒక పాపెర. ఇందులో ఒక సంగతి గమనించా. వానాకాలంలో బెండు గుటుక్కున మునుగుతుంది కదా. ఇక్కడ అలా కాదు. బెండు కొంచెం పక్కకు వాలి, ఆగి, మళ్లీ వాలింది. నేను గాలి అనుకున్నా. పెద్దాయన మోచేత్తో పొడిచి "లాగు" అన్నాడు. మొన్న పొద్దంతా ఇట్లాంటివి ఎన్ని వదిలేశామో.

నీటిలెక్క
జనవరి 28, ఉదయం 6.05

బద్ధకపు చేప ఎరను చప్పరించి చూస్తుంది, లాక్కుని పారిపోదు. బెండు వాలడం అదే. సన్నటి బెండు వాడితే ఇంకా బాగా కనిపిస్తుంది. వెడల్పు బెండు ఆ చిన్న కదలికను మింగేస్తుంది.

వలబిడ్డ
జనవరి 28, ఉదయం 10.30

నేను అనుకున్న పెద్దమ్మే. ఆ జరీ అంచు ఆమె పెళ్లి చీరది అంటారు, నిజమో కాదో. అడిగితే ఒకసారి అవునంటుంది, ఒకసారి తిడుతుంది.

నీళ్లలో ఉండిపోయిన సగం సంగతి చెప్పలేదు మీరు.

గాలంకర్ర
జనవరి 28, ఉదయం 11.15

ఆమె కొడుకు చెప్పాడు అక్కా. ఎండాకాలం నీళ్లు తగ్గితే ఆ మోడు బయటపడుతుందట, అప్పుడు తీస్తారట. ఏప్రిల్‌లో మమ్మల్ని రమ్మన్నాడు. తుమ్మ ముళ్లలో నుంచి వల తీయడం ఇద్దరి పని అట. వస్తామని చెప్పాం.

పాలమూరు పుట్టి
జనవరి 28, మధ్యాహ్నం 12.20

అప్పుడు బూట్లు వేసుకుపోండి. తుమ్మ ముల్లుకు చెప్పులు ఆగవు.

బొచ్చెతల
జనవరి 28, మధ్యాహ్నం 12.31

అన్నీ బాగున్నాయి. ఐదు చేపల ఫోటో ఏదీ?

దోస్తు నంబర్ వన్
జనవరి 28, మధ్యాహ్నం 12.50

రెండు పెద్దమ్మకు ఇచ్చాం. ఒకటి పెద్దాయన తీసుకున్నాడు. పాపెర చిన్నదని వదిలేశాం. మిగిలింది జొన్న రొట్టెతో పులుసు అయ్యాక ఫోటో గుర్తొచ్చింది. ముల్లు ఫోటో ఉంది, కావాలంటే పెడతా.